ఒక్క ట్రాక్టరు... అర టన్ను బస్తా!

అర టన్ను ఎరువు బస్తా. దాన్ని ఎత్తి, ఎరువు చల్లే యంత్రంలో పోయాలి. ఉన్నది ఒకే ట్రాక్టరు, ఒకే మనిషి. ఎలా? ఐర్లండ్ రైతుకు ఏటా ఎదురయ్యే చిక్కు ఇది. మన రైతుకు అంత పెద్ద బస్తాతో పనిలేదు. కానీ చిక్కు మాత్రం అలాంటిదే. కాకపోతే... ఇక్కడ బస్తాకీ యంత్రానికీ మధ్య ఉన్నది ఓ మనిషి నడుము!

ఫిబ్రవరి నెలాఖరు. ఐర్లండ్‌లో చలి ఇంకా పూర్తిగా పోదు. పచ్చిక మాత్రం చిగురు తొడుగుతుంటుంది. శీతకాలమంతా కొట్టాల్లో ఉన్న ఆవులు ఇక మేతకు బయటికి రావాలి. గడ్డి ఏపుగా పెరగాలంటే ఎరువు వేయాలి. సెప్టెంబరు మధ్య నుంచి జనవరి దాకా రసాయన ఎరువులు చల్లకూడదన్నది అక్కడి నిబంధన. శీతకాలపు వానలకు నత్రజని వాగుల్లోకి, చెరువుల్లోకి కొట్టుకుపోకూడదని ఆ జాగ్రత్త. గడువు తీరి, నేల కాస్త ఆరిందా... రైతులంతా ఒక్కసారే పొలాల మీద పడతారు.

అక్కడి సగటు కమతం 80 ఎకరాలపైనే. వినడానికి మనకది జమీందారీలా ఉంటుంది. కానీ ఆ ఎనభై ఎకరాల్లో పనిచేసేది చాలాచోట్ల ఒక్కడే. కూలీలు దొరకరు, దొరికినా ఇచ్చుకోలేరు. కొడుకులూ కూతుళ్లూ ఊళ్లో ఉద్యోగాలకు పోతారు. మిగిలేది రైతు, అతని ట్రాక్టరు.

షెడ్డులో ఎరువు బస్తాలు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కోటి 500 కిలోలు. మన లెక్కలో పదకొండు యూరియా కట్టలు. పైన ఏనుగు చెవుల్లా దట్టమైన పట్టీలుంటాయి. ఆ పట్టీలకు కొక్కెం తగిలించి పైకి ఎత్తాలి. ఎత్తేందుకు ట్రాక్టరు ముందు భాగంలో బిగించిన లోడరు ఉంది. ఎరువు చల్లే యంత్రం ఉంది. అదీ ఆ ట్రాక్టరుకే... వెనక వైపు!

అదీ సంగతి. ఎత్తే చెయ్యి ముందుంది, నింపాల్సిన తొట్టి వెనకుంది. మోచేతికి బెల్లం రాసి నాకమన్నట్టు! రెండో ట్రాక్టరుంటే అయిదు నిమిషాల పని. లేకపోతే?

కావడికి రెండో కుండ

తేలిగ్గా తోచే దారి ఒకటుంది. స్ప్రెడర్‌ను ట్రాక్టరు నుంచి విడదీసి గట్టినేల మీద దించేయడం. ట్రాక్టరు తిప్పుకుని వచ్చి, ముందున్న లోడరుతో బస్తా ఎత్తి దాని తొట్టిలో పోయడం. మళ్లీ వెనక్కి వచ్చి నిండిన స్ప్రెడర్‌ను తగిలించుకోవడం. చాలామంది చేసేది ఇదే. చెప్పినంత సులువు మాత్రం కాదు.

మొదటి తంటా బరువు తూకంలో ఉంది. కావడి మోసేవాళ్లకిది చెప్పనక్కర్లేదు. ఒకవైపు కుండ పెట్టి రెండోవైపు ఖాళీగా వదిలితే కావడి భుజం మీద నిలవదు. ట్రాక్టరూ అంతే. ముందు చక్రాలకూ ముందు, గాల్లో అర టన్ను వేలాడుతుంటే వెనక చక్రాల మీద బరువు తగ్గిపోతుంది. వెనక చక్రాలు నేలను సరిగ్గా పట్టుకోకపోతే బ్రేకూ సరిగ్గా పనిచేయదు. వాలులోనో, గుంతలోనో అయితే ట్రాక్టరు తూలిపోయే ప్రమాదముంది. మామూలుగా అయితే వెనక తగిలించిన యంత్రమే ఎదురు బరువుగా ఉంటుంది. ఇక్కడ దాన్నే విప్పేశాం కదా!

అందుకని వెనక లిఫ్టుకు కాంక్రీటు దిమ్మె తగిలించుకుంటారు. అంటే... స్ప్రెడర్ విప్పాలి, దిమ్మె తగిలించాలి, బస్తా పోయాలి, దిమ్మె విప్పాలి, స్ప్రెడర్ తగిలించాలి. ఒక్క బస్తాకు ఇంత తతంగం. కొందరు వెనక టైర్లలో నీళ్లు నింపి, చక్రాలకు ఇనుప బిళ్లలు బిగించి ఆ బరువు కొంత సర్దుతారు. టైర్లలో నీళ్లు నింపడం మన ట్రాక్టరు డ్రైవర్లకూ తెలిసిన విద్యే.

రెండో తంటా, నిండిన స్ప్రెడర్‌ను తిరిగి తగిలించుకోవడం. ఖాళీగా ఉన్నప్పుడు ఇటూ అటూ జరిపి సర్దుకోవచ్చు. అర టన్ను ఎరువు పోశాక అది కదలమంటే కదులుతుందా? ట్రాక్టరే అంగుళం అంగుళం వెనక్కి వచ్చి, లిఫ్టు చేతులు సరిగ్గా పిన్నుల దగ్గరకు చేరాలి. నేల ఏమాత్రం ఎగుడుదిగుడుగా ఉన్నా కుదరదు. ఆ పని చేసేటప్పుడు డ్రైవరు సీట్లో ఒకడు, వెనక పిన్ను పట్టుకుని ఒకడు ఉన్నారంటే అది మరీ ప్రమాదం. ట్రాక్టరుకీ యంత్రానికీ మధ్య నలిగిపోయేది ఆ రెండోవాడే.

ఇంత గొడవ పడలేక వేరే దారులు వెతికారు. తన బస్తా తానే ఎత్తుకునేలా స్ప్రెడర్ మీదే చిన్న హైడ్రాలిక్ క్రేను బిగించుకోవడం ఒకటి. ఖర్చెక్కువ. పైగా ఆ క్రేను బరువును కూడా పొలమంతా మోసుకు తిరగాలి. ఇంజినీరు లెక్కగట్టి కట్టిన ఇనుప చట్రానికి బస్తాను ముందే వేలాడదీసి, దాని కిందకు స్ప్రెడర్‌ను వెనక్కి తెచ్చి నిలపడం మరొకటి. షెడ్డు దూలానికి వేలాడదీసే మొండి ధైర్యవంతులూ ఉంటారు. దూలం కప్పును మోయడానికి వేసింది, అర టన్ను ఎరువును కాదు! అన్నిటికన్నా పాత దారి ఇంకోటి ఉంది. పక్క రైతును పిలవడం. ఈరోజు నీ ట్రాక్టరు నాకు, రేపు నా ట్రాక్టరు నీకు. ఐరిష్ భాషలో ఇలా కలిసి పనిచేసుకోవడాన్ని 'మెహల్' అంటారు. మన ఊళ్లలో నాట్లప్పుడు, కోతలప్పుడు చేసుకునే బదులు పని లాంటిదే.

బస్తా కింద తల పెట్టొద్దు

తొట్టి మీదకు బస్తా చేరాక అసలు ఘట్టం. అడుగున కోస్తే ఎరువు జలపాతంలా జారుతుంది. కొయ్యాలంటే కిందకు వెళ్లాలి. అక్కడే ఉంది యముడి పాశం. పట్టీ తెగినా, కొక్కెం జారినా, లోడరు హైడ్రాలిక్ గొట్టం పగిలినా అర టన్ను మీద పడుతుంది. అందుకే అక్కడి భద్రతా నియమాల్లో మొదటిది... వేలాడే బస్తా కిందకు తల కాదు, చెయ్యి కూడా పెట్టకూడదు. పొడుగాటి కర్రకు కత్తి బిగించి, పక్కన నిలబడి కొయ్యాలి.

ఈ పెద్ద సంచులను మనవాళ్లు జంబో బ్యాగులంటారు. పాలీప్రొపిలీన్ దారంతో నేస్తారు. ఒకేసారి వాడి పారేసే సంచి తాను మోయాల్సిన బరువుకు అయిదు రెట్లు తట్టుకునేలా ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. అంటే 500 కిలోల సంచి పరీక్షలో రెండున్నర టన్నులకూ తెగకూడదు. అంత గట్టిది కదా అని రెండోసారి వాడితే? ఎండకు ఆ దారం పెళుసెక్కుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, ఎత్తగానే పుటుక్కున తెగుతుంది. నాలుగు పట్టీలుంటే నాలుగూ తగిలించాలి. రెండింటితో సరిపెట్టే తొందరే కొంప ముంచుతుంది.

ఐర్లండ్‌లో పనిచేసేచోట జరిగే మరణాల్లో వ్యవసాయానిదే పెద్ద వాటా. అందులో ట్రాక్టర్లు, యంత్రాల వల్ల పోయే ప్రాణాలే ఎక్కువ. ఒంటరిగా పనిచేసే రైతుకు ఏదైనా జరిగితే కేక విని వచ్చే మనిషి కూడా దగ్గర్లో ఉండడు.

ఇన్ని ప్రమాదాలున్నప్పుడు అంత పెద్ద బస్తా ఎందుకు? చిన్న బస్తాలే వాడుకోవచ్చుగా! దానికి జవాబు కావాలంటే బస్తా కథ వినాలి.

పాతిక... లేదంటే అయిదొందలు

బ్రిటన్, ఐర్లండ్‌లలోనూ ఒకప్పుడు ఎరువు చేతి బస్తాల్లోనే వచ్చేది. 112 పౌన్ల హండ్రెడ్‌వెయిట్ అక్కడి పాత కొలత. మన లెక్కలో దాదాపు 51 కిలోలు. కిలోలు వచ్చాక అది 50 అయింది. పొలంలో నలుగురు మనుషులున్న రోజుల్లో ఆ బస్తా చెల్లింది. మనుషులు తగ్గారు, నడుములు అరిగాయి, కూలి పెరిగింది. ట్రాక్టరుకు ముందు చెయ్యి మొలిచింది. యంత్రమే ఎత్తేటప్పుడు 50 కిలోలెందుకు, ఏకంగా 500 ఎత్తొచ్చు కదా! అలా బస్తా ఉబ్బింది. 50 కిలోల బస్తా పూర్తిగా మాయం కాలేదుగానీ, బాగా పలచబడింది. తమాషా ఏమిటంటే... ఐర్లండ్ రైతులు ఇప్పటికీ ఎకరాకు ఎన్ని బస్తాలు అనే లెక్క చెప్పుకుంటారు. ఆ బస్తా అంటే పాత 50 కిలోలదే. బస్తా పోయినా కొలత మిగిలింది!

మరోవైపు మనిషి చేత్తో ఎత్తే సరుకు బరువు తగ్గుతూ వచ్చింది. బ్రిటన్‌లో సిమెంటు బస్తా ఇప్పుడు 25 కిలోలే. మగవాళ్లు నడుము ఎత్తులో, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తేందుకు అక్కడి భద్రతా సంస్థ సూచించే బరువు 25 కిలోలు. ఆడవాళ్లకైతే 16. చట్టం గీసిన గీత కాదది, దాటితే జాగ్రత్త అని చెప్పే హెచ్చరిక. అమెరికాలో వృత్తి భద్రత సంస్థ 'నియోష్' 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఆ పరిమితి 23 కిలోలే.

అంటే లెక్క తేలిపోయింది. మనిషి ఎత్తేదైతే పాతిక. యంత్రం ఎత్తేదైతే అయిదొందలు. మధ్యలో ఉన్న బస్తా ఎవరికీ సరిపోదు. యంత్రానికి మరీ చిన్నది, మనిషికి మరీ పెద్దది.

మన బస్తా సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది!

ఎనిమిది చేతులు మారి...

గూడ్సు షెడ్డు. రేకు వచ్చి ఆగుతుంది. ఎరువుల రవాణాలో రేకు అంటే మొత్తం గూడ్సు బండి. నలభైకి పైగా వ్యాగన్లు, సుమారు 2,600 టన్నుల సరుకు. అంతా యూరియానే అయితే, 45 కిలోల చొప్పున యాభై ఏడు వేలకు పైగా బస్తాలు. ఖాళీ చేయడానికి రైల్వే ఇచ్చే గడువు గంటల్లో ఉంటుంది. దాటితే డెమరేజి. అందుకే అర్ధరాత్రి రేకు వచ్చినా ముఠా దిగాల్సిందే. తలకు తుండుగుడ్డ, భుజానికి గోనె పట్టా. ఇద్దరు ఎత్తిపెడతారు, ఒకడు మోస్తాడు. వ్యాగన్‌కీ లారీకీ మధ్య వేసిన చెక్క మీద పరుగులాంటి నడక. కూలి బస్తాల లెక్కన కాబట్టి నిదానిస్తే గిట్టదు.

1993లో చిరంజీవి 'ముఠామేస్త్రి'గా తెరమీద కనిపించినప్పుడు ఈలలు వేసిన జనం, బజారులో నిజం ముఠా బస్తాలు దించుతుంటే పక్కకు తప్పుకుని పోతారు. అలవాటైపోయిన దృశ్యమది.

అక్కడితో అయిపోలేదు. వ్యాగన్ నుంచి లారీలోకి ఒకసారి. లారీ నుంచి గోదాములోకి రెండోసారి. గోదాము నుంచి మళ్లీ లారీకి మూడు. లారీ నుంచి సొసైటీలోకో, డీలరు కొట్లోకో నాలుగు. కొట్లోంచి ఆటోలోకో ట్రాక్టరు ట్రక్కులోకో అయిదు. ఇంటి దగ్గర అరుగు మీదకు ఆరు. పొలానికి పోయే రోజున మళ్లీ బండిలోకి ఏడు. గట్టు నుంచి చేలోకి ఎనిమిది. కర్మాగారంలోనో, రేవులోనో నింపినవాళ్లను కలపకుండానే ఎనిమిదిసార్లు ఆ బస్తా మనిషి ఒంటి మీదకు ఎక్కి దిగుతుంది.

రామగుండం ఎరువుల కర్మాగారాన్ని చూడండి. పాత ఎఫ్‌సీఐ కర్మాగారం 1999లో మూతపడింది. ఆ స్థానంలో కట్టిన ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాది సామర్థ్యం 12.7 లక్షల టన్నులు. పూర్తిగా నడిస్తే రెండు కోట్ల ఎనభై లక్షల బస్తాలు. వాటిని ఎనిమిదితో హెచ్చించండి. ఒక్క కర్మాగారం సరుకుకే ఇరవై రెండు కోట్లసార్లు ఎవరో ఒకరు నడుము వంచాలి!

ఒక హమాలీ రోజుకు రెండొందల బస్తాలు మోశాడనుకుందాం. అంటే 9 టన్నులు. సాయంత్రం ఇంటికెళ్లి పిల్లాణ్ని ఎత్తుకోవాలంటే మూలిగే నడుముకు కారణం వేరే చెప్పాలా?

నడుము లెక్క

వెన్నుపూస దగ్గర జరిగేది ఏతం లాంటి వ్యవహారమే. బరువు పట్టుకున్న చేతులు ఒక కొస, వీపు కండరం మరో కొస, మధ్యలో ఇరుసు వెన్నుపూస. బరువు వెన్నుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దాన్ని నిలబెట్టే వీపు కండరం వెన్నుకు ఉన్న దూరం 5 సెంటీమీటర్లే. ఎనిమిదింతల తేడా. కాబట్టి 45 కిలోల బస్తాను చేతులు చాచి ఎత్తితే వీపు కండరం లాగాల్సింది 360 కిలోల బరువు. ఆ ఒత్తిడంతా నడుము దగ్గరి డిస్కు మీద పడుతుంది. వంగిన ఒంటి బరువు దానికి అదనం. డిస్కు మీద ఒత్తిడి 3,400 న్యూటన్లు, అంటే దాదాపు 350 కిలోలు దాటితే ముప్పు మొదలవుతుందని నియోష్ లెక్క. అంటే చేతులు చాచి ఎత్తిన తొలి బస్తాకే హద్దు దాటేస్తున్నాం.

అదే బస్తాను ఒంటికి ఆనించి, వెన్నుకు 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే కండరం లాగే బరువు 180 కిలోలకు దిగుతుంది. బస్తా అదే, మనిషి అదే. పట్టుకునే తీరులోనే సగానికి సగం తేడా!

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మనిషి మోసే బరువు మీద ఒప్పందం తెచ్చింది. వయోజనుడైన మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని, ఆడవాళ్లకు అంతకన్నా బాగా తక్కువ ఉండాలని దాంతోపాటు సిఫార్సు చేసింది. దాని ప్రకారం చూస్తే మన బస్తా తప్పేం కాదు. కానీ అది ఎత్తదగిన గరిష్ఠ బరువు. రోజుకు రెండొందలసార్లు ఎత్తమని కాదు.

ఆ అయిదు కిలోలు ఎందుకు తగ్గాయి?

యూరియా బస్తా ఒకప్పుడు 50 కిలోలు. 2018 మార్చి నుంచి 45 అయింది. మోసేవాళ్ల మీద దయతోనా? కాదు. మన రైతు ఎరువును కిలోల్లో కొలవడు, కట్టల్లో కొలుస్తాడు. ఎకరాకు కట్ట, కట్టన్నర, రెండు కట్టలు... ఇదీ లెక్క. కట్టలో అయిదు కిలోలు తగ్గిస్తే, అలవాటు మారకుండానే పొలంలో పడే యూరియా పదోవంతు తగ్గుతుందని కేంద్రం ఆలోచన. కిలో ధర మారలేదు. బస్తా చిన్నదైంది. యూరియాలో 46 శాతం నత్రజని. 50 కిలోల బస్తాలో అది 23 కిలోలు, 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు.

అంటే నేల మీద భారం తగ్గించబోతే, వీపు మీద భారం కూడా కాస్త తగ్గింది. మంచిదే. దీన్నుంచి అర్థమయ్యేది మరొకటుంది. బస్తా బరువు రాతి మీద చెక్కిన శాసనమేం కాదు. తలచుకుంటే మార్చవచ్చు. ఒకప్పుడు చక్కెర బస్తా వంద కిలోలు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. తెలంగాణలో కొనుగోలు కేంద్రాల్లో ధాన్యాన్ని 40 కిలోల సంచుల్లో తూస్తున్నారు. గంధకం పూసిన 'యూరియా గోల్డ్'కు 2024లో కేంద్రం ఖరారు చేసిన సంచి కూడా 40 కిలోలదే. డీఏపీ మాత్రం 50 దగ్గరే ఉంది. నేల కోసం 5 కిలోలు తగ్గించగలిగినప్పుడు, నడుము కోసం ఇంకో ఇరవై తగ్గించలేమా? సంచుల ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చు ఇప్పుడు కూడా ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు... నడుం నొప్పి మాత్రల రూపంలో.

యంత్రం వచ్చింది... ఎత్తేదెవరు?

వరి మడిలో ఎరువు చల్లడం ఇప్పటికీ చేతి పనే. తట్టలో పోసుకుని, బురదలో నడుస్తూ విసరడమే. మొక్కజొన్నలాంటి మెట్ట పొలాల్లో మాత్రం దుక్కిలో వేసే ఎరువుకు ట్రాక్టరు స్ప్రెడర్లు కనిపిస్తున్నాయి. గరాటులాంటి తొట్టి, దాని కింద గిరగిరా తిరిగే పళ్లెం. పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంటే ఎరువు రెండువైపులా సమానంగా పడుతుంది. చల్లే మనిషి భారం తగ్గింది. కానీ తొట్టిలో పోయడానికి ఛాతీ ఎత్తుకు బస్తా లేపాలి. చిన్న స్ప్రెడర్‌లో ఓ మూడు క్వింటాళ్లు పడుతుందనుకుంటే ఆరేడు కట్టలు. ఖాళీ అయినప్పుడల్లా మళ్లీ ఆరేడు. మనకు ముందు లోడరు లేదు. ఉన్నది ఒకే ట్రాక్టరు. ఐర్లండ్ రైతు చిక్కు తిరిగి తిరిగి మన గట్టు మీదకు వచ్చిందన్నమాట.

దీనికి మనదైన జవాబు ఒకటుంది. ట్రక్కు! కొన్నిచోట్ల ట్రాలీ అంటారు. దాని అడుగు పలక దాదాపు నడుము ఎత్తులో ఉంటుంది. లిఫ్టుతో కిందకు దించిన స్ప్రెడర్ తొట్టి అంచు ఇంచుమించు ఆ ఎత్తుకే వస్తుంది. కాబట్టి బస్తాను నేల మీదకు దించకూడదు. దించితేనే మళ్లీ ఎత్తాలి!

ఎరువు బస్తాలున్న ట్రక్కును పొలం అంచున గట్టినేల మీద నిలపాలి. చక్రాలకు రెండువైపులా రాళ్లు పెట్టాలి. ముందు స్టాండు దించాలి. రెండు చక్రాల ట్రక్కయితే వెనక అంచు కింద కూడా దన్ను పెట్టాలి. లేకపోతే బస్తాలూ మనుషులూ వెనక్కి చేరగానే అది తొట్టిలా లేచి కూర్చుంటుంది. తర్వాత ట్రాక్టరు విప్పి, స్ప్రెడర్ తగిలించుకుని, ట్రక్కు వెనక అంచు దగ్గరకు నిదానంగా వెనక్కి రావాలి. ఆ సమయంలో రెంటి మధ్యా ఎవరూ ఉండకూడదు. తొట్టి అంచును పలకకు కాస్త దిగువకు దించి, పీటీవో ఆపి, ఇంజను ఆపేయాలి. అప్పుడు పైన ఉన్న మనిషి బస్తాను పలక మీదే జరుపుతూ తెచ్చి తొట్టి అంచుకు ఆనిస్తాడు. కుట్టు విప్పి, వెనక మూల పట్టుకుని లేపితే చాలు. ఎత్తడం లేదు, జార్చడమే. అదే 45 కిలోలు. వాటిని మోసేది మాత్రం ఇప్పుడు పలకే, నడుము కాదు.

పెట్టుబడి లేదు. కొత్త యంత్రం అక్కర్లేదు. కావాల్సింది రెండు దన్నులు, నాలుగు రాళ్లు, అయిదు నిమిషాల ఓపిక.

సీసాలో బస్తా?

బస్తా గొడవే లేకుండా చేస్తామన్నవాళ్లూ ఉన్నారు. 2021లో ఇఫ్కో నానో యూరియాను తెచ్చింది. అర లీటరు సీసా ఒక బస్తాతో సమానమన్నది ఆ సంస్థ మాట. అంత చిన్న సీసాలో అన్ని కిలోల నత్రజని ఎక్కడిదని ప్రశ్నించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. దాన్ని ఆకుల మీద పిచికారీ చేయడానికి డ్రోన్లు వచ్చాయి. స్వయం సహాయక సంఘాల మహిళలకు పదిహేను వేల డ్రోన్లిచ్చే 'నమో డ్రోన్ దీదీ' పథకానికి 2023లో కేంద్రం ఆమోదం తెలిపింది. సీసా బస్తాను ఓడిస్తుందో లేదో పంటే తేల్చాలి. అప్పటిదాకా సొసైటీల ముందు క్యూలు బస్తా కోసమే. యూరియా దొరికిందంటే చాలు, దాని బరువు గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది?

ఐర్లండ్ రైతు ఒంటరి. అతనికి సాయం రావడానికి మనిషి లేడు, అందుకే యంత్రాన్ని ఆశ్రయించాడు. మన దగ్గర మనిషి ఉన్నాడు. ఉన్నాడు కాబట్టే బస్తా అలా ఉండిపోయింది. ఇప్పుడు ఊళ్లలో ముఠాలు తగ్గుతున్నాయి. మోసిన తండ్రి, తన కొడుకు మోయకూడదని చదివిస్తున్నాడు. ఆ కొడుకు స్థానంలో రేపు ఎవరు నిలబడతారన్నది తేలకముందే బస్తా తగ్గితే మేలు.

ఈసారి బస్తా అరుగు మీద దించించుకునేటప్పుడు ఒక్క క్షణం ఆ మనిషి వైపు చూడండి. గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వండి. వీలైతే... రెండో చెయ్యి వేయండి!

బస్తా ఎత్తేముందు...

* బస్తా దగ్గరకు వెళ్లి నిలబడాలి. దూరం నుంచి వంగి లాగొద్దు.
* మోకాళ్లు వంచాలి, నడుము కాదు. బస్తాను ఒంటికి ఆనించి కాళ్ల బలంతో లేవాలి.
* బరువు చేతిలో ఉండగా నడుము మెలితిప్పొద్దు. తిరగాలంటే పాదాలు జరపాలి.
* నేల మీది బస్తాను ఇద్దరు కలిసి ఎత్తడం మేలు. లేదా రెండు బకెట్లలోకి తీసి పోసుకోవచ్చు.
* ఇంట్లో బస్తాలను నేల మీద కాకుండా బల్ల మీదో, ఎత్తయిన అరుగు మీదో పెడితే తడవవు, మళ్లీ ఎత్తడమూ తేలిక.
* స్ప్రెడర్ తిరుగుతుండగా గడ్డలు చిదమడానికి తొట్టిలో చెయ్యి పెట్టొద్దు. పీటీవో, ఇంజను రెండూ ఆపాకే ముట్టుకోవాలి.
* ఎత్తి ఉంచిన స్ప్రెడర్ కింద పనిచేయొద్దు. పిల్లలను ఆ దరిదాపులకు రానీయొద్దు.
* కాలు తిమ్మిరెక్కడం, నడుం నొప్పి కాలిలోకి పాకడం మొదలైతే మాత్రలతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.